అత్త కాగితపు చొక్కాలు

ఎదురింటి బస్సు కండక్టరు గారిని చేతి గడియారం అడగాలి. సెకన్ల ముల్లు ఉన్నదే కావాలి.
నాన్న కటింగ్, మూడు చొక్కాలు. అత్త కటింగ్, మూడు చొక్కాలు.
కాజాలు, గుండీలు, అంచులు ఇద్దరివీ విడివిడిగా చూడాలి.
ఎందుకో ముందే చెప్పకూడదు. చెబితే తొందరపడతారు, లెక్క చెడిపోతుంది.
అమ్మ మిషనుకు నూనె వేయాలి. రెండు రోజులనుంచి అడుగుతోంది.
మూడో అధ్యాయం మళ్లీ ఒకసారి.
సోమవారం మాస్టారికి చూపించాలి.

ఈ కాగితం మొన్న నా డిగ్రీ పుస్తకంలోంచి జారిపడింది. పక్క వాటాలో ఉండే అమ్మాయి ఈ ఏడు కాలేజీలో చేరింది. అంతర్జాతీయ వాణిజ్యం పేపరుకు పాత పుస్తకం ఉంటే ఇవ్వమని అడిగితే బీరువా పైనుంచి దింపాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. వెన్నుకు నాన్న వేసిన దారపు కుట్లు మాత్రం ఇంకా బిగువుగా ఉన్నాయి. దుమ్ము దులుపుతుంటే ఈ చీటీ కింద పడింది. దుకాణంలో కొలతలు రాసుకునే చీటీ వెనక రాసుకున్నాను. ముందు వైపు ఎవరిదో ఛాతీ నలభై, చెయ్యి ఇరవై నాలుగు. ఆ మనిషెవరో గుర్తు లేదు. ఆ ఆదివారం మాత్రం నిన్న జరిగినట్టుంది.

మాది కుట్టు దుకాణం. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. కటింగ్ బల్ల కిటికీ దగ్గర ఉండేది, అమ్మ మిషను గోడవారగా. నేను రాసుకోవాలంటే బల్ల ఖాళీ అయ్యేదాకా ఆగాలి. అందుకే నా డిగ్రీ నోట్సు నిండా సుద్ద పొడి, అక్కడక్కడా దారప్పోగులు. కాలేజీ గడప తొక్కిన వాళ్లు మా ఇంట్లో నాకు ముందు ఎవరూ లేరు. మందుసీసా మీద రాసింది నేనే చదివి చెప్పాలి, మునిసిపాలిటీ నోటీసు నేనే చదివి చెప్పాలి. నేను చదివి చెప్పానంటే ఇక దానికి తిరుగులేదు. అంత నమ్మకం నాకు నేను సంపాదించుకున్నది కాదు. పుస్తకాల మీద వాళ్లకున్న గౌరవం నా మీద పడిందంతే.

నాన్న కంటే అత్త ఆరేళ్లు పెద్దది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "కొలతలు కుదరలేదు" అని నవ్వేసేది. మూడో తరగతి దాకా చదివింది. అంకెలు బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కునేది. తాత ఉన్న ఇరవై ఏళ్లూ ఆమె చేత కాజాలు కుట్టించాడు గానీ కత్తెర మాత్రం ముట్టనివ్వలేదు. కూతురు గుడ్డ పాడు చేస్తుందని ఆయన భయం. తాత పోయాక నాన్న ఒకరోజు తాత కత్తెరే తీసి అక్క చేతిలో పెట్టాడు. నేను డిగ్రీ మూడో సంవత్సరానికి వచ్చేసరికి అది జరిగి ఏడాది అయి ఉంటుంది.

దుకాణంలో తాత పెట్టిపోయిన రూలొకటి ఉండేది. కొలత ఎవరు తీస్తే ఆ చొక్కా వాళ్లది. వాళ్లే కత్తిరించాలి. మిషను మీద అమ్మ కుట్టాక మళ్లీ వాళ్లే కాజాలు కుట్టి, గుండీలు పెట్టి, అంచులు మడిచి ఇవ్వాలి. చొక్కా తేడా వస్తే ఎవర్ని తిట్టాలో గిరాకీకి తెలియాలని తాత ఉద్దేశం. నాన్న దగ్గరికి మగవాళ్లు వచ్చేవారు. అత్త దగ్గరికి ఎక్కువగా రెండు వీధుల అవతల ఆసుపత్రిలో పనిచేసే నర్సులు వచ్చేవారు. కొలత ఇచ్చి వెంటనే పోయేవాళ్లు కాదు. స్టూలు లాక్కుని కూర్చుని డ్యూటీ కబుర్లన్నీ చెప్పేవాళ్లు. అత్త నోట్లో గుండుసూదులు పెట్టుకునే వాళ్లకు సలహాలిచ్చేది.

కాలేజీలో మాకు ఆ పేపరు చెప్పే లెక్చరర్‌ను రెండు దేశాల మాస్టారు అనేవాళ్లం. క్లాసులోకి రాగానే బోర్డు మీద రెండు గుండ్రాలు గీసేవారు. ఇది మొదటి దేశం, ఇది రెండో దేశం. ఒక దానికి గోధుమలు, ఒక దానికి బట్ట. ఆ తర్వాత వరసగా అనుకుందాంలు మొదలయ్యేవి. రవాణా ఖర్చు లేదని అనుకుందాం. పనివాళ్లు ఒక పనిలోంచి ఇంకో పనిలోకి ఇట్టే మారిపోగలరని అనుకుందాం. మా వాళ్లు క్యాంటీన్‌లో ఖాళీ గ్లాసు ఎత్తి, టీ ఉందని అనుకుందాం అనేవాళ్లు. నేను మాత్రం ఒక్క అనుకుందాం కూడా వదలకుండా రాసుకునేదాన్ని.

మూడో అధ్యాయం తులనాత్మక వ్యయ ప్రయోజనం. ఒక దేశం రెండు వస్తువులూ రెండో దేశం కంటే బాగా తయారుచేయగలిగినా సరే, రెండూ అదే చేసుకోవడం దండగ. ఎందులో ఎక్కువ మెరుగో అది చేసుకుని, మిగతాది రెండో దేశానికి వదిలేస్తే ఇద్దరికీ లాభం. ఇది విన్న రోజు నేను బస్సులో నిలబడి ఇంటికొస్తూ అదే ఆలోచించాను. నా చిన్నప్పటినుంచీ చూస్తున్నదానికి ఎవరో పేరు పెట్టినట్టయింది. మా దుకాణంలో రెండు దేశాలున్నాయి. రెండూ అన్నీ చేసుకుంటున్నాయి.

మాస్టారు ప్రాజెక్టు కూడా అలాంటిదే ఇచ్చారు. పుస్తకంలోని సిద్ధాంతం ఒకటి తీసుకుని, మీ చుట్టూ ఉన్న పనిలో పెట్టి చూడండి, అంకెలతో రాయండి అన్నారు. అందుకే ఆ చీటీ, ఆ గడియారం.

ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా బల్ల పక్కన నిలబడి రాసుకున్నాను. అత్త మణికట్టు దగ్గరికి గడియారం పట్టుకెళితే, "ఏమే ప్రొఫెసరమ్మా, నాడి చూస్తున్నావా? ఉందా?" అంది. నేను నవ్వలేదు, లెక్క పోతుందని.

సాయంత్రానికి పట్టిక తయారైంది. చొక్కా కటింగ్‌కు నాన్నకు ఇరవై ఐదు నిమిషాలు, అత్తకు డెబ్బై ఐదు. చేతిపనికి నాన్నకు ముప్పై, అత్తకు నలభై. రెండింటిలోనూ నాన్నే ముందు. కానీ చేతిపనిలో అత్త కాస్తే వెనక, కటింగ్‌లో మూడింతలు వెనక. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే. నాలుగు గడుల పట్టిక అంత చక్కగా కుదిరేసరికి నాకు కాళ్లు నేల మీద ఆగలేదు.

భోజనాలయ్యాక బల్ల మీద పట్టిక పరిచి అందరికీ చెప్పాను. నాన్న కటింగ్ మాత్రమే చేయాలి. అత్త చేతిపని మాత్రమే చేయాలి. ఎవరి కొలత ఎవరు తీసినా సరే.

నాన్న రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే రెండింట్లోనూ నేనే ముందున్నా, అక్క కాజాలకే ఉంటే మనకు మంచిదంటావు."

"అవును నాన్నా. సిద్ధాంతమే అది."

"మరి ఇందులో నేను ఏ దేశాన్నే?" అని మిషను దగ్గర్నుంచి అమ్మ అడిగింది.

"నువ్వు దేశానివి కాదమ్మా. మధ్యలో సరుకు మోసే ఓడవి. రవాణా ఖర్చు లేదని అనుకున్నాం."

"అలా అనుకోబట్టే నా నడుం ఇలా అయింది" అంది అమ్మ.

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వింది. తర్వాత పట్టిక దగ్గరికి వంగి, ఒక గడి మీద వేలు పెట్టింది.

"ఈ డెబ్బై ఐదు నాదేనా?"

"అవునత్తా."

ఆ వేలు అక్కడే కాసేపు ఉంచింది. "సరే, పుస్తకంలో ఉందంటే ఉంటుంది" అని, పక్కనే ఉన్న తాత కత్తెర తీసి బల్ల మీద నాన్న వైపుకు పెట్టింది. చెక్క మీద ఇనుము ఆనిన చప్పుడు అయింది. నేను అప్పటికే పట్టిక కింద ముగింపు వాక్యం రాసుకుంటున్నాను.

లెక్క తప్పలేదు. వారానికి ఐదారు చొక్కాలు ఎక్కువ తయారయ్యాయి. చెప్పిన రోజుకు ఇవ్వగలిగాం. వచ్చిన ప్రతి గిరాకీకీ నాన్న, ఇదంతా మా అమ్మాయి కాలేజీలో నేర్చుకుని చేసిన ఏర్పాటు అని చెప్పుకున్నాడు. మాస్టారు బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి, దేశాల పేర్ల బదులు ఒకదాంట్లో అక్క అని, ఒకదాంట్లో తమ్ముడు అని రాసి నా అంకెలతోనే పాఠం చెప్పారు. ఆ రోజు నేను క్లాసులో తల ఎత్తలేదు. ఎత్తితే ఏడుస్తానేమోనని.

మూడు నెలలు అలా గడిచాయి. అందులో కనిపించినవి కొన్ని ఉన్నాయి, నేను చూడనివి. నర్సులు రావడం తగ్గింది. కత్తిరించేది తనే కాబట్టి వచ్చినవాళ్లను నాన్న టేపుతో పిలిస్తే, మళ్లీ వస్తామని వెళ్లిపోయేవారు. అత్త పొద్దుటినుంచి కిటికీ దగ్గర తలవంచుకుని కాజాలు కుడుతూనే ఉండేది. సాయంత్రానికి కళ్లు ఎర్రబడేవి. నీళ్లు చల్లుకుని వచ్చి మళ్లీ కూర్చునేది. ఒకరోజు నేను చదువుకుంటుంటే, సూదిలోకి దారం ఎక్కిస్తూ మామూలుగా అడిగింది.

"ఆ పుస్తకంలో తర్వాత ఏమవుతుందే?"

"తర్వాతంటే?"

"ఆ రెండు దేశాలూ. ఎప్పటికీ అలాగే ఉండిపోతాయా?"

"అది సిలబస్‌లో లేదత్తా" అన్నాను.

ఉంది. తొమ్మిదో అధ్యాయంలో ఉంది. నేనింకా అక్కడిదాకా రాలేదు.

ప్రాజెక్టు ఇవ్వడానికి రెండు నెలల ముందు రికార్డు పుస్తకానికి అట్ట వేసుకోవాల్సి వచ్చింది. పాత పేపర్లు కటింగ్ బల్ల కింద రేకుపెట్టెలో ఉంటాయి. పైన ఉన్న గుడ్డముక్కలు తీసి పేపరు లాగితే, చొక్కా చెయ్యి బయటికొచ్చింది. పేపరుతో కత్తిరించిన చెయ్యి. కింద ఇంకో చెయ్యి, వీపు, కాలరు, రెండు ముందు భాగాలు. అలాంటి కట్టలు వరసగా, ఒక్కో కట్టకు ఒక్కో దారం. పెట్టెలో ఒక్క పేపరు కూడా నిండుగా లేదు.

ప్రతి చెయ్యి మీదా పెన్సిలుతో ఒక అంకె ఉంది. మొదట కొలతలేమో అనుకున్నాను. నూట పది కొలత ఎవరికి ఉంటుంది? కట్టలన్నీ వరసగా నేల మీద పరిచాను. నూట పది. నూట నాలుగు. తొంభై ఎనిమిది. తొంభై. తొంభై ఒకటి. ఎనభై నాలుగు. ఎనభై. డెబ్బై ఆరు. అక్కడితో ఆఖరు. పేపర్ల మీద తేదీలు అచ్చయి ఉంటాయి కదా. మొదటిదానికీ చివరిదానికీ మధ్య నాలుగు నెలలు. చివరి కట్ట తేదీ నా ఆదివారానికి ముందు రోజుది.

గోడ గడియారం చూసుకుంటూ అత్త తన పట్టిక తానే రాసుకుంది. నాది ఒక్క రోజు అంకె. ఆమెది నాలుగు నెలల దారి. ఆమె ఎక్కుతున్న మెట్ల మధ్యలో నేను గడియారం పట్టుకుని నిలబడి, ఇక్కడే ఆగమని చెప్పాను.

అత్త తెర తీసుకుని వచ్చేసరికి నేను నేల మీదే ఉన్నాను. "అవి చిత్తు కాయితాలు లేవే" అని వంగి ఏరబోయింది. నేను ఇవ్వలేదు. చాలాసేపు అడిగితే గానీ చెప్పలేదు. ఆసుపత్రిలో పెద్ద నర్సు ఒకసారి అన్నదట. ఏటా పన్నెండు మంది కొత్త నర్సులు చేరతారు, వాళ్లకు తెల్ల కోట్లు కావాలి, ఆడమనిషే కొలతలు తీసి ఆ మనిషే కత్తిరించి ఇస్తానంటే ఏటా ఆ పని నీకే ఇస్తాను అని. కోటు కూడా చొక్కా లాంటిదే, కాస్త పొడుగు. చెయ్యి వేగం అయ్యాక తమ్ముడికి చెబుదామని అత్త ఆగింది. తాత పాడవుతుందన్న గుడ్డ జోలికి పోకుండా, ఆ వేగం పేపర్ల మీద నేర్చుకుంది. కొత్త నర్సులు చేరడానికి ఇక నలభై రోజులే ఉన్నాయి.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదత్తా?"

"నువ్వు పుస్తకం చూసి చెప్పావు. నేను చిత్తు కాయితాలు చూసి ఏం చెప్పను?"

కోపంగా అనలేదు. నిజంగానే అలా అనుకుంది. దానికే నాకు ఎక్కువ బాధ వేసింది.

మర్నాడు పేపరు చేతులన్నీ సంచిలో పెట్టుకుని స్టాఫ్ రూముకు వెళ్లాను. మాస్టారి బల్ల మీద వరసగా పేర్చాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒక్కోటీ దగ్గరికి తీసుకుని చూశారు. నా పట్టిక ఎన్ని రోజులదని అడిగారు. ఒక ఆదివారం అన్నాను. ఇవి ఎన్ని రోజులవని అడిగారు. నాలుగు నెలలు అన్నాను. ఆయన పుస్తకం తెరిచి తొమ్మిదో అధ్యాయం నా ముందు పెట్టారు. శిశు పరిశ్రమల వాదన. కొత్తగా మొదలైన పరిశ్రమకు మొదట్లో ఖర్చు ఎక్కువే అవుతుంది, చేస్తూ చేస్తూ నేర్చుకుంటుంది, అందాకా దాన్ని కాచుకోవాలి అని. పోయిన వారమే క్లాసులో చెప్పారు. మొదటి బెంచీలో కూర్చుని పదకొండు పాయింట్లు రాసుకున్నాను. ఒక్క పాయింటు దగ్గర కూడా మా ఇల్లు గుర్తుకు రాలేదు.

"నా పట్టిక తప్పా సార్?"

"ఆ ఆదివారానికి తప్పు కాదమ్మా. కానీ జాగ్రత్త. రక్షణ అడిగే ప్రతి పరిశ్రమా నేనింకా పసిదాన్నే అంటుంది, ముప్పై ఏళ్లొచ్చినా సరే. మీ అత్త ఎంతకాలం అడుగుతోంది?"

"ఆవిడ అడగడం లేదు సార్."

"అయితే నువ్వు అడుగు. గడువు లేకుండా మాత్రం అడగకు."

ఇంట్లో అడగడం పరీక్ష రాసినంత తేలిక కాదు. బడులు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. యూనిఫారాల గుడ్డ గుట్టలుగా వచ్చి పడి ఉంది. పేపరు చేతుల సంగతి, పెద్ద నర్సు సంగతి చెప్పాను. ఏర్పాటు మార్చాలన్నాను. నాన్న కత్తెర ఆపకుండా విన్నాడు.

"మూడు నెలల కిందట ఇదే బల్ల మీద, ఇదే వేలుతో చూపించి చెప్పావు."

"తప్పు చెప్పాను నాన్నా."

కత్తెర ఆగింది. "పుస్తకం తప్పా?"

"పుస్తకం తప్పు కాదు. నేను సగం చదివి చెప్పాను."

నాన్న నా మొహం వైపు చూశాడు. ఆయన నన్ను ఎప్పుడూ తిట్టలేదు. ఆ రోజు కూడా తిట్టలేదు. "సగం కొలతలతో ఎవరైనా గుడ్డ మీద కత్తెర పెడతారా?" అన్నాడు. అంతే. ఇప్పటికీ ఆఫీసులో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు ఆ మాట వినపడుతుంది.

వెనకనుంచి అత్త, యూనిఫారాలు అయ్యేదాకా ఇవన్నీ ఎందుకు, పిల్ల ఏదో అంటోంది, వదిలెయ్ తమ్ముడూ అంది. అప్పుడు అమ్మ మిషను ఆపింది. "వదినా, మీరు ఊరుకోండి. కాయితాలు కత్తిరిస్తున్నారని నాకూ తెలుసు. తుడిచేది నేనే కదా. మీరు చెబుతారేమోనని చూశాను, అది నా తప్పు" అంది. నాన్న కత్తెర పక్కన పెట్టాడు. తర్వాత నన్ను కొలత చీటీ ఒకటి తీయమన్నాడు.

షరతులు రాశాం. కొత్త నర్సులు చేరే రోజు దాకా, పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా బల్లా కత్తెరా అత్తవి. ఆ పూట కాజాలు నాన్నవి. గడువు నాటికి అత్త కటింగ్ యాభై నిమిషాలకు దిగకపోతే మళ్లీ పాత పట్టికే. నాన్న సంతకం పెట్టాడు, అత్త సంతకం పెట్టింది. ఓడ సంతకం అక్కర్లేదా అని అమ్మ కూడా పెట్టింది.

మొదటి రోజు అత్తకు డెబ్బై తొమ్మిది నిమిషాలు పట్టింది. ఆపేసిన మూడు నెలలకు చెయ్యి వెనక్కి పోయింది. రెండో వారం యూనిఫారం చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించింది. గుడ్డ మడత తిరగేయడం మరిచిపోతే అలా అవుతుంది. ఆ చొక్కా చేతిలో పట్టుకుని, నాన్న ఏమంటాడోనని నిలబడిపోయింది. నాన్న చూసి, "నాన్న నా వీపు విమానం మోత మోగించింది దీనికే అక్కా" అన్నాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తాత చేతిలో నాన్న తన్నులు తిన్నాడని నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న కాజాల సంగతి చెప్పక్కర్లేదు. నా పట్టికలోని ముప్పై నిమిషాల కాజాలు నిజానికి ఆ ఆదివారం గడియారం ముందు తొందరపడి కుట్టినవట. ఇప్పుడు పూటంతా కుట్టేసరికి అసలు రంగు బయటపడింది. వాటిలోంచి గుండీ కాదు, పిల్లి దూరుతుందని అమ్మ అంది. రెండు ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. ఎన్నేళ్లనుంచో వచ్చే బడి మాస్టారొకాయన కోపంతో గుడ్డ వెనక్కి తీసుకుని పోయాడు. ఇదంతా నా పట్టికలో ఎక్కడ రాయాలో తెలియక, అడుగున రాసుకుంటూ పోయాను.

డెబ్బై నాలుగు. అరవై ఆరు. అరవై ఏడు. అరవై. యాభై ఐదు.

పెద్ద నర్సు గడువుకు రెండు రోజుల ముందే వచ్చింది. వారంలో పన్నెండు కోట్లు కావాలంది. ఆ పొద్దున అత్త కటింగ్ యాభై రెండు నిమిషాలు. చేతిపనీ, యూనిఫారాలూ కలుపుకుని లెక్క వేసుకోవడానికి ఆమెకు నా పట్టిక అవసరం లేకపోయింది. నేను తెర వెనక నిలబడి, సరే అనెయ్ అత్తా అని లోపల్లోపలే అనుకుంటున్నాను.

"పన్నెండు కావమ్మా. వారంలో ఏడు ఇవ్వగలను. చేతగానిది చేస్తానని చెప్పలేను" అంది అత్త.

పెద్ద నర్సు మంచి మనిషే. కానీ సగం ఇక్కడా సగం ఇంకోచోటా కుట్టిస్తే కోట్లు ఒకేలా ఉండవు. ఆ ఏడాది పని వేరేచోటికి పోయింది. ఆవిడ వెళ్లాక నేను వేళ్ల మీద లెక్క వేసుకున్నాను. ఆ మూడు నెలలు ఆగకుండా సాగి ఉంటే, అత్త అప్పటికి నలభైకి దిగి ఉండేది. ఈ మాట ఇంట్లో ఒక్కరూ అనలేదు. అన్నా బాగుండేది.

గడువు రోజు అత్తే చీటీ తీసి బల్ల మీద పెట్టింది. యాభై అని రాసుకున్నాం, యాభై రెండు దగ్గర ఆగింది. "మాట మాటే. కత్తెర ఇదిగో" అంది. నాన్న చీటీ చదివాడు. కుడుతున్న కాజా పూర్తి చేసి, దారం పళ్లతో తెంపి, వెలుగుకు పట్టి చూసుకున్నాడు.

"ఇంకో మూడు నెలలు పొడిగించు అమ్మాయ్. నా కాజాలు ఇప్పుడిప్పుడే కుదురుతున్నాయి."

మాస్టారు భయపడినట్టే గడువు పొడిగింపు మొదలైంది. ఈ సంగతి చెబితే ఆయన స్టాఫ్ రూమంతా వినపడేలా నవ్వారు. ప్రాజెక్టులో రెండు పట్టికలూ పెట్టాను, నాదీ అత్తదీ. పోయిన ఆర్డర్లు రాశాను, రెండు ఎడమ చేతులు రాశాను. చివర, మొదటి పట్టిక వల్ల పోయిన మూడు నెలలకు బాధ్యత నాది అని రాశాను. ప్రాజెక్టుల్లో అలాంటి వాక్యాలు రాయరని తోటివాళ్లు అన్నారు. మాస్టారు దాన్ని కొట్టేయలేదు.

మరుసటి ఏడు పన్నెండు కోట్లూ అత్తే కత్తిరించింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆసుపత్రి కోట్లన్నీ ఆమె చేతివే. నర్సులు మళ్లీ స్టూలు లాక్కుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమెకు అన్నింటికంటే తక్కువ పట్టిన సమయం ముప్పై ఒక్క నిమిషాలు. నాన్న ఇరవై ఐదును ఎప్పుడూ అందుకోలేదు. అందుకోవాలని అనుకోనూ లేదు.

అత్త పోయి నాలుగేళ్లయింది. కత్తెర అమ్మ దగ్గర ఉంది. నాన్న కళ్లు సరిగ్గా కనపడక కటింగ్ మానేశాడు, కాజాలు మాత్రం తడిమి చూసి బాగున్నాయో లేదో చెబుతాడు. నేను ఎగుమతుల ఆఫీసులో కాగితాలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. ఏ దేశం నుంచి ఏ దేశానికి ఎన్ని చొక్కాలు అని రోజూ నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటిని ఎవరు కత్తిరించారో ఎక్కడా రాసి ఉండదు.

పక్క వాటా అమ్మాయికి పుస్తకం నిన్న ఇచ్చేశాను. చీటీని మూడో అధ్యాయంలోనే ఉంచాను. తొమ్మిదో అధ్యాయంలో ఒక పేపరు చెయ్యి ఉంది, డెబ్బై ఆరు అని రాసి ఉన్నది. అదీ తీయలేదు. ఇదేమిటని అడిగితే అప్పుడు చెబుతాను.

ఇది చదివిన మీకు కూడా ఎప్పుడో ఒకసారి రెండు దేశాలు, రెండు వస్తువులు, నాలుగు గడుల పట్టిక ఎదురవుతుంది. లెక్క సరిగ్గానే ఉంటుంది, చేయండి. చేశాక, అందులో పెద్ద అంకె ఉన్న గడి దగ్గర కాస్త ఆగి, దాని మీద వేలు పెట్టి ఇది నాదేనా అని అడిగిన మా అత్తను ఒక్కసారి తలచుకోండి.